స్లాబ్ మీద అడుగులు

గోపన్‌పల్లిలో యూనివర్సిటీ గోడ వెనకాల ఒక సందుంది. పగలు ఆ సందులో డెలివరీ బళ్ళు తూనీగల్లా తిరుగుతాయి. రాత్రి తొమ్మిది దాటిందా... ఫోనులో మ్యాపు ఎంత దగ్గర దారి చూపించినా సరే, ఒక్క బండీ అటు తిరగదు. చుట్టూ తిరిగి మెయిన్ రోడ్డు మీదే పోతారు. ఆలస్యమైతే రేటింగ్ పోతుంది కదయ్యా అంటే, మనిషే పోయాక రేటింగ్ ఎవరికి అంటారు.

కారణం, సందు చివర ఉన్న మొండి ఇల్లు.

కింద పిల్లర్లు. పైన ఒక స్లాబ్. ఆ పైన ఆకాశంలోకి లేచిన తుప్పు చువ్వలు. గోడల్లేవు, పిట్టగోడ లేదు. కరోనా వచ్చిన ఏడాది మార్చిలో, జనతా కర్ఫ్యూకి సరిగ్గా ముందు రోజు స్లాబ్ పోసి వదిలేసిన ఇల్లది. పోసినవాళ్ళు మళ్ళీ రాలేదు.

ఆ స్లాబ్ మీద అడుగులున్నాయి.

తడి అడుగులైతే ఆరిపోయేవి. ఇవి పచ్చి కాంక్రీటులో దిగబడి, దానితో పాటే రాయిలా గట్టిపడ్డ అడుగులు. చిన్న పాదాలు... ఆడమనిషివి. మెట్ల దగ్గర మొదలై, వరసగా అవతలి అంచు దాకా పోతాయి. వేళ్ళన్నీ అంచు వైపే. అంచు మీద చివరి జత. ఆ తర్వాత — గాలి.

తిరిగొచ్చిన అడుగు ఒక్కటి కూడా లేదు.

ఇంకో ముక్క చెప్పాలి. ఎడమ పాదానికి నాలుగే వేళ్ళు. చిటికెన వేలు లేదు.

ఇక చప్పుడు సంగతి. ఆ ఇంటికి ఎదురుగా సీతారామయ్య గారుంటారు. నీటిపారుదల శాఖలో ముప్ఫై నాలుగేళ్ళు చేసి రిటైరైన మనిషి. నీళ్ళ చప్పుడు విని కాలువలో ఎన్ని అడుగుల నీరుందో చెప్పగలనని ఆయన నమ్మకం. లాక్‌డౌన్‌లో సందులో నరమానవుడు లేని రోజుల్లో, అర్ధరాత్రి పూట ఆ స్లాబ్ మీంచి ఆయనకి నీళ్ళు వినపడ్డాయట. వాన కాదు. కుళాయి కారడం కాదు. ఎవరో పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి చల్లుతున్నట్టు... ఒకసారి ఇటు, ఒకసారి అటు.

ఫైలు రాసిన చెయ్యి ఊరుకుంటుందా? కేలెండర్ మీద రోజుకో టిక్కు పెట్టారు. ఇరవై ఒక్క టిక్కులు పడ్డాక ధైర్యం చేసి, మొండి ఇంటి గేటుకి తొమ్మిది నిమ్మకాయల దండ కట్టి వచ్చారు. ఆ మర్నాటి నుంచి చప్పుడు లేదు. ఆ దండ మహిమ ఆయన ఇవాళ్టికీ పాలవాడికి చెబుతారు, పేపరువాడికి చెబుతారు, వినకుండా పోయేవాళ్ళకి గేటు దాకా వచ్చి మరీ చెబుతారు.

సందులో వాళ్ళంతా కలిపి కట్టుకున్న కథ ఇది. స్లాబ్ పోసిన రాత్రి కూలీ మనిషి ఒకతె పచ్చి స్లాబ్ మీద నడుచుకుంటూ వెళ్ళి, అంచు మీంచి కిందికి అడుగేసింది. ఆ తర్వాత రోజూ వచ్చి కడుగుతోంది. ఏం కడుగుతోందో అడక్కండి.

అలాంటి ఇంటిని తేజ కొన్నాడు.

తేజకి హైటెక్ సిటీలో ఉద్యోగం, కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డులో కిరాయి ఇల్లు. ఇంట్లో తల్లి పద్మావతి, భార్య రసజ్ఞ, నాలుగేళ్ళ కూతురు ఉమాశ్రీ. దెయ్యాల మీద అతనికి నమ్మకం లేదు. ఉన్న నమ్మకమంతా ఆకుపచ్చ టిక్కు మీద. ఆఫీసులో పొద్దున్న లేస్తే తెర మీద వరసగా ఆకుపచ్చ టిక్కులుంటే అంతా బాగున్నట్టు. ఎర్రది కనపడితేనే పరిగెత్తడం. పదేళ్ళు అలా బతికిన మనిషికి లోకమంతా ఆ తెరలాగే కనిపిస్తుంది.

అయితే కొనేముందు చెయ్యాల్సిన పని చేశాడు, అది ఒప్పుకోవాలి. సగం కట్టి వదిలేసిన ఇల్లు కొనేవాళ్ళు ఇది చెవిన వేసుకోండి. రంగు చూసి కొనకండి, రాడ్డు చూసి కొనండి. పైకి లేచిన చువ్వని బ్రష్షుతో రుద్దిస్తే తుప్పు పైపైనే ఉందా, లోపలికి తినేసిందా తెలుస్తుంది. స్లాబ్‌ని సుత్తితో తట్టిస్తే బోలుగా మోగుతోందా, గట్టిగా మోగుతోందా చెప్పేస్తుంది. ఇవి మీరు చెయ్యకండి. చేసే మనిషిని తీసుకెళ్ళండి.

తేజ తీసుకెళ్ళిన మనిషి ఐలయ్య మేస్త్రి. నలభై ఏళ్ళుగా ఈ చుట్టుపక్కల ఇళ్ళు కడుతున్నవాడు. మాట్లాడేది తక్కువ, తట్టేది ఎక్కువ. ఆ పాత స్లాబ్ మీద నాలుగు మూలలా కూర్చుని, సుత్తితో తట్టి, చెవి ఆనించి విన్నాడు. మేకుతో గీకాడు. గీత పడలేదు.

"మంచి స్లాబు సారూ. ఎవరో గానీ మూడు వారాలు కడుపు నిండ నీళ్ళు పట్టిన్రు. గిట్ల తడిపెటోళ్ళు ఇప్పుడు లేరు."

అడుగులు కూడా చూశాడు. వంగి, నాలుగు వేళ్ళ ముద్ర మీద అరచెయ్యి పెట్టి చూసి, లేచాడు. టైల్స్ వేసేటప్పుడు ఇవి పూడ్చేద్దామన్నాడు తేజ. చూద్దాం అన్నాడు ఐలయ్య.

గోడలు లేచాయి. పాత స్లాబ్ మీద, పై బరువు మోసే ఇనప జాకీలు నిలబెట్టి, పైన కొత్త స్లాబ్ పోశారు. ఆ కొత్త స్లాబ్ కింద తూర్పు వైపు గది ఉమాశ్రీది. మంచం ఎక్కడ వెయ్యాలో రసజ్ఞ అప్పుడే గోడ మీద సుద్దతో గీసి పెట్టుకుంది కూడా.

చిక్కు ఆ స్లాబ్ పోసిన సాయంత్రమే వచ్చింది. పోసిన స్లాబ్‌కి మూడు వారాలు రోజూ నీళ్ళు పట్టాలి. తల మీద ఎండ మండుతుంటే కాంక్రీటు లోపలి తడి ఆవిరైపోయి, పగుళ్ళు చూపిస్తుంది. అందుకే సిమెంటుతో వేలెడు ఎత్తు గట్లు పోసి, స్లాబ్‌ని వరి మళ్ళలా విడగొట్టి, మళ్ళనిండా నీళ్ళు నిలబెడతారు. అంచుల మీద తడి గోనె సంచులు పరుస్తారు. ఆ పనికి రాత్రి అక్కడ ఉండే మనిషి కావాలి. ఐలయ్య కూలీల్లో ఒక్కరూ ఉండమన్నారు. నాలుగు వేళ్ళావిడ పక్కన పడుకోవడం మా వల్ల కాదన్నారు.

నేను చూసుకుంటానన్నాడు తేజ.

ఆ మాట విని పద్మావతి గారు నవ్వారు. తులసి మొక్కని నాలుగుసార్లు ఎండబెట్టినవాడు స్లాబ్‌కి నీళ్ళు పడతాడట అని పక్కింటావిడకి ఫోను చేసి మరీ చెప్పారు. ఐలయ్య నవ్వలేదు.

"ఫికర్ జెయ్యాల్సిన పని సారూ ఇది. నీళ్ళు సాలకుంటె గా స్లాబు కింద నేనైతె నా బిడ్డను పండుకోబెట్ట. పలగ్గొట్టి మళ్ల పోస్త. యాది పెట్టుకో."

యాది పెట్టుకున్నాడు. పెట్టుకుని, ఆన్‌లైన్లో ఒక ప్లగ్గు తెప్పించాడు. దాన్ని కరెంటు బోర్డుకి గుచ్చి, దానికి సంపు మోటారు తగిలిస్తే, మోటారుని ఫోను నుంచే ఆడించొచ్చు. మోటారు నుంచి పైకి పైపు, పైపు చివర గిర్రున తిరిగే చల్లుడు మూతి. రాత్రి పదికి నలభై ఐదు నిమిషాలు. పని అయిపోగానే ఫోనులో ఆకుపచ్చ టిక్కు.

మొదటి రాత్రి టిక్కు వచ్చింది. రెండో రాత్రి వచ్చింది. ఐలయ్య వేరే పని మీద ఖాజాగూడలో ఉన్నాడు. రోజు విడిచి రోజు ఫోను చేసి, మిషను చెప్పినా మనిషి చూడాలె, కాలు పెట్టి చూసినవా అని అడిగేవాడు. చూశానండీ అని తేజ. చూడలేదు. ఆఫీసులో రిలీజ్ ఉంది, కాల్స్ ఉన్నాయి, గచ్చిబౌలి ట్రాఫిక్ ఉంది. అయినా టిక్కు ఉండగా కాలెందుకు?

పన్నెండో రాత్రి. మర్నాడు పొద్దున్న ఏడింటికి ఐలయ్య వచ్చి, జాకీలు సడలించొచ్చా లేదా తేలుస్తానన్నాడు. పడుకోబోతూ తేజ టిక్కు చూసుకున్నాడు. పక్క నుంచి రసజ్ఞ కూడా చూసింది. ఆమె బ్యాంకులో ఆడిటర్ — ఆమె కళ్ళు టిక్కు మీద నిలవవు, టిక్కు కింద ఉన్న చిన్నక్షరాల మీద నిలుస్తాయి.

"తేజా, మోటారు తిరిగితే కరెంటు కాలాలి కదా?"

"కాలుతుంది."

"మరి ఇక్కడ సున్నా అని ఉందేంటి?"

సున్నా. నిన్నా సున్నా. మొన్నా సున్నా. వెనక్కి వెనక్కి జరిపాడు... రెండో రాత్రి నుంచి పదకొండు రాత్రులూ సున్నా. ప్లగ్గు ఠంచనుగా పదికి ఆన్ అవుతోంది, ఠంచనుగా ఆఫ్ అవుతోంది, టిక్కు పెడుతోంది. దాని వెనకాల మోటారే తిరగడం లేదు.

పదకొండు రోజులు. ఏప్రిల్ ఎండలు.

మంచం గీసిన సుద్దగీత కళ్ళ ముందు ఆడింది. రసజ్ఞ కారు తాళాలు తీసి చేతిలో పెట్టింది.

తేజ సందులోకి తిరిగేసరికి పన్నెండు కావస్తోంది. ఎదురింట్లో దీపం లేదు. దూరంగా ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ టవర్ల వెలుగు మబ్బులకి తగిలి, ఆ ఇంటి మీద బూడిదలా రాలుతోంది. గేటుకి ఆరేళ్ళనాటి నిమ్మకాయలు... నల్లగా, గచ్చకాయలంత అయిపోయి, ఇంకా వేలాడుతున్నాయి. గేటు తోస్తే కిర్రుమంది. అతనికి నమ్మకం లేదు కదా. ఐనా దండ తగలకుండా పక్కకి ఒదిగి లోపలికెళ్ళాడు.

ముందు సంపు దగ్గరికి. బోర్డులో ప్లగ్గు ఉంది, నీలం చుక్క మిణుకు మిణుకుమంటోంది. ఆ ప్లగ్గుకి ఏమీ తగిలించి లేదు. మోటారు వైరు కింద చుట్టచుట్టి పెట్టి ఉంది — పొందిగ్గా, ఎవరో చేత్తో చుట్టినట్టు.

మోటారు మీద చెయ్యి వేశాడు.

వెచ్చగా ఉంది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఎక్కడో బొట్టు... బొట్టు... పై నుంచి.

ఇల్లు కట్టే పని మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి ఇంకో సలహా: పని జరిగే చోట మెట్లకి ఒక బల్బు వేయించండి. తేజ వేయించలేదు. ఫోను లైటు పట్టుకుని ఎక్కుతుంటే మూడో మెట్టు మీద కాలు జారింది. మెట్టు తడిగా ఉంది. లైటు దించి చూశాడు.

అడుగులు. ఇవి పాతవి కావు. ఇప్పుడిప్పుడే ఎక్కి వెళ్ళిన తడి అడుగులు. కుడి... ఎడమ... కుడి.

ఎడమ పాదానికి నాలుగు వేళ్ళు.

కారు దగ్గరికి పరిగెత్తడానికి సరిగ్గా ఏడు అంగలు. తేజ లెక్కపెట్టుకున్నాడు కూడా. కానీ పైన ఉన్నది ఉమాశ్రీ నెత్తి మీది కప్పు. పొద్దున్న ఏడింటికి ఐలయ్య వస్తాడు. చూశానండీ అని పదకొండు రోజులు చెప్పింది తన నోరే. గోడ పట్టుకుని, ఒక్కో మెట్టే ఎక్కాడు.

మొదటి అంతస్తు. జాకీల అడవి. ఫోను కదిలినప్పుడల్లా వందల నీడలు ఒకేసారి తల తిప్పుతున్నాయి. వాటి నడుమ నుంచి రాతి అడుగులు అంచు వైపు పోతూనే ఉన్నాయి. అటు చూడకూడదనుకున్నాడు. చూశాడు. మళ్ళీ మెట్లెక్కాడు.

పైన...

నీళ్ళు. గట్టు నుంచి గట్టు దాకా మళ్ళన్నీ నిండుగా నిలబడి, టవర్ల వెలుగు అందులో వణుకుతోంది. ఎండిపోయి నెర్రెలిచ్చి ఉంటుందనుకున్న స్లాబ్, నాట్లకి సిద్ధమైన పొలంలా ఉంది. అంచుల వెంట పరిచిన గోనె సంచుల మీద ఏదో నల్లగా నిక్కబొడుచుకుని గాలికి కదులుతోంది. వెంట్రుకలా? దగ్గరికెళ్ళి, ముట్టుకున్నాడు.

మొలకలు. పచ్చటి వరి మొలకలు. వడ్లు నింపిన పాత సంచులవి. నేతలో ఇరుక్కున్న గింజలు తడికి మొలిచాయి. జానెడు ఎత్తు. జానెడు మొలక ఒక్క రాత్రిలో రాదని తులసి మొక్కని చంపినవాడికి కూడా తెలుసు. రోజూ... ఒక్క రోజు తప్పకుండా... ఎవరో నీళ్ళు పట్టారు.

కప్పు బతికింది. ఆ ఊపిరి సగం బయటికొచ్చి, సగం లోపలే ఆగిపోయింది. ఎవరు?

పొద్దున్న ఐలయ్యకి చూపించాలి. లేకపోతే తనే నమ్మడు. ఫోను ఎత్తి ఫొటో తీయబోయాడు. స్లాబ్ మొత్తం పట్టడం లేదు. ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకా పట్టలేదు. ఇంకో అడుగు. తెరలో మళ్ళు, మొలకలు, మెట్ల గుమ్మం... ఇంకొక్క అడుగు...

"ఆగు సారు."

చిన్న గొంతు. మెట్ల వైపు నుంచి.

"ఎన్కకు అడుగెయ్యకు. గట్లనే కూసో."

కూర్చున్నాడు. వెనక్కి చెయ్యి ఆనిద్దామంటే అందలేదు... అక్కడ గాలి. పిట్టగోడ లేదు. రెండంతస్తుల కింద కంకర కుప్ప. ఎడమ మడమ అప్పటికే అంచు దాటి ఉంది.

తల ఎత్తాడు. మెట్ల గుమ్మంలో తెల్లటి ఆకారం. తల మీద తడి తువ్వాలు, చేతిలో పాములా వేలాడుతున్న పైపు. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా ఎగదోపి ఉన్నాయి. తేజ చూపు తనకి తెలియకుండానే కిందికి జారింది. కుడి పాదం... ఎడమ పాదం.

నాలుగు వేళ్ళు.

"నువ్వు... నువ్వు పడిపోయావు కదా."

"నేనెందుకు పడ్త సారు? పడబోయింది నువ్వు."

అలా అని ఆమె పైపు కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది. దెయ్యాలు చేతులు తుడుచుకోవు. తేజకి ఆ ఒక్క పనితో సగం ప్రాణం తిరిగొచ్చింది.

మిగతా సగం ఆమె చెప్పిన మాటలతో వచ్చింది. పేరు సాయమ్మ. ఊరు మక్తల్ దగ్గర. పక్క అపార్ట్‌మెంట్‌లో రెండు నెలల కింద వాచ్‌మన్‌గా చేరిన సాయిలు ఆమె భర్త; సెల్లారులో గది ఇచ్చారు. పగలు ఆమె టవర్లో హౌస్‌కీపింగ్ పనికి పోతుంది, రాత్రి తొమ్మిదికి వస్తుంది. వేలు ఎప్పుడో కంకర మిక్సర్లో పోయింది.

రెండో రోజు పొద్దున్న అపార్ట్‌మెంట్ పైనుంచి చూసిందట. తిరిగే మూతి నడుమ మాత్రమే తడిపింది. అంచులు ఎండి తెల్లబడుతున్నాయి. స్లాబ్ పగిలేది ముందు అంచుల్లోనే. చూడబుద్ధి కాలేదు. మోటారు వైరు ఆ మిణుకు ప్లగ్గు లోంచి తీసి, పక్క సాకెట్లో పెట్టుకుని, రోజూ రాత్రి చేత్తో పట్టింది. అయిపోయాక వైరు చుట్టి పెట్టి, పైపు తియ్యడానికి మళ్ళీ పైకెక్కి, దిగి పోయేది. సార్‌కి చెబుదామంటే సారెప్పుడూ రాలేదు.

ఆఖరి మాట మెత్తగానే అంది. తేజకి మాత్రం కంకర కుప్ప మీద పడినట్టే తగిలింది.

కిందికి దిగుతూ, జాకీల మధ్య అతను ఆగాడు. అడగాలా వద్దా అని తటపటాయించి, లైటు రాతి అడుగుల మీద వేశాడు. సాయమ్మ చూసింది. ఎడమ కాలు ఎత్తి, ఒక ముద్రలో పెట్టింది. కత్తి ఒరలోకి దిగినట్టు దిగింది.

"గివి నావే సారు."

ఆ స్లాబ్ పోసిన కూలీల్లో ఆమె ఒకతె. అప్పుడు అవతలి అంచుకి చెక్క ర్యాంపు ఉండేది. తట్టలు మోసుకుంటూ అంతా దాని మీదే ఎక్కేవాళ్ళు. సాయంత్రం స్లాబ్ కాస్త బిగిశాక, తడి గోనె సంచులు పరిచే పని ఆమెది. ర్యాంపు మీంచి ఎక్కి, అంచు వైపు తిరిగి నిలబడి, ముందు ఒక సంచి పరిచి వెనక్కి ఒక అడుగు... మళ్ళీ సంచి, మళ్ళీ వెనక్కి. అలా మెట్ల దాకా వచ్చి దిగిపోయింది. పరిచేవాళ్ళు ఎవరైనా వెనక్కే నడుస్తారు. ముందుకు నడిస్తే పరిచిన సంచుల్నే తొక్కాలి. ఆ రోజు ఆ వరస పొడుగునా ఇంకా మెత్తగా ఉండి, పాదాలు దిగబడ్డాయి. అప్పటి మేస్త్రి తిట్టాడు. ర్యాంపు తర్వాత విప్పుకుపోయారు. అడుగులు మిగిలాయి.

అంచు వైపు నడిచి తిరిగి రాని అడుగులు కావవి. అంచు నుంచి వెనక్కి నడిచి ఇంటికి పోయిన అడుగులు.

తేజ నవ్వాడు. మొదట చిన్నగా, తర్వాత జాకీలు మోగేలా. సందంతా ఆరేళ్ళుగా వణికింది ఒక మనిషి వెనక్కి నడిచినందుకు. ఇందాక వెనక్కి నడిచి తను మాత్రం నిజంగానే దెయ్యం అవబోయాడు. ఇల్లు కట్టేవాళ్ళు ఇక్కడ కూడా చెవి ఒగ్గండి: పిట్టగోడ లేచేదాకా స్లాబ్ చుట్టూ నాలుగు కర్రలు పాతి తాడు కట్టించండి. ఫొటోలు తర్వాత.

పొద్దున్న ఏడింటికి ఐలయ్య వచ్చాడు. తేజ ఏదీ దాచలేదు. ప్లగ్గు, సున్నాలు, చూశానండీలు, అన్నీ చెప్పేశాడు. ఐలయ్య విని, మిషనుకు మొక్కు సారూ, దానికైనా సిగ్గుంటదేమో అని ఒక్క మాట అని పైకెక్కాడు. కొత్త స్లాబ్ నాలుగు మూలలా తట్టాడు, మేకు గీశాడు, మొలకలు చూసి మీసంలో నవ్వుకున్నాడు. పర్వాలేదు, ఆ బిడ్డ మంచం వేసుకోవచ్చన్నాడు. తేజ అక్కడే నీళ్ళలో కూర్చుండిపోయాడు.

సీతారామయ్య గారు కూడా చేతికర్ర పట్టుకుని వచ్చారు. రాత్రి నవ్వులు విన్నారు, నిద్రపోలేదు. జాకీల మధ్య నిలబడిన సాయమ్మని చూసి ఎవరమ్మా నువ్వు అన్నారు.

"దెయ్యాన్ని సారు. నాలుగు వేళ్ళామె అంటరంట గద."

ఆయన ఆమె కాలి వైపు చూసి, రాతి ముద్ర వైపు చూసి, ముఖం చిన్నబుచ్చుకున్నారు. ఆరేళ్ళ కథ అర నిమిషంలో పోతే ఎవరికైనా బాధే. అయినా నీళ్ళ చప్పుడు ఆపింది నా నిమ్మకాయలేనమ్మా అని గొణిగారు.

ఐలయ్య దిగి వచ్చి, పాత స్లాబ్ మీద చతికిలబడ్డాడు. అలవాటుగా సుత్తితో ఒకసారి తట్టాడు. గుడిగంటలా మోగింది.

"నీ చెయ్యి మంచిది చెల్లే. ఈ కిందిది గూడ నువ్వే తడిపినవన్న మాట. కొనకముందే జెప్పిన సారుకు, గిట్ల తడిపెటోళ్ళు లేరని."

సాయమ్మ తల దించుకుంది.

"లే అన్న. గదే నాకు ఇన్నేళ్ళు మనసుల గుచ్చుతుండె. పోసిన తెల్లారే కర్ఫ్యూ అన్నరు. మేస్త్రి మోటరు గూడ ట్రాక్టర్ల ఏస్కొని పోయిండు. మేం నడుసుకుంట ఊరికి పోయినం. పచ్చి స్లాబు ఎండల ఇడిసిపెట్టి పోయిన. గందుకే ఈసారి పట్టిన."

ఐలయ్య చేతిలో సుత్తి గాల్లోనే ఆగింది.

"ఒక్క దినం గూడ తడపలేదా?"

"ఒక్క దినం గూడ లే."

"వాన పడిందేమో," అన్నాడు తేజ.

ఐలయ్య తల అడ్డంగా ఊపాడు. అరచేత్తో స్లాబ్‌ని మెల్లగా రాశాడు... ముద్రల దగ్గర నుంచి, అంచు దాకా, మళ్ళీ ముద్రల దాకా. ఒక్క నెర్రె లేదు. వాన ఒకనాడు పడుతది, ఒకనాడు పడదు. ఇది రోజూ ఒక్క తీరుగ చేత్తోటి పట్టిన నీళ్ళు, అన్నాడు. ఆ మాట ఎవరికీ చెప్పినట్టు లేదు.

తర్వాత తల తిప్పి, సీతారామయ్య గారిని చూశాడు.

"సారూ... మీరు నీళ్ళ సప్పుడు ఇన్నది ఎన్ని రాత్రులన్నరు?"

ఆ అంకె చెప్పడానికి సీతారామయ్య గారు ఏనాడూ తడుముకోలేదు. నోరు తెరిచారు. గేటు వైపు, నిమ్మకాయల దండ వైపు చూపించబోయిన చెయ్యి సగంలో నిలిచిపోయింది. ఏడు మూళ్ళు ఇరవై ఒకటని అక్కడున్న నలుగురికీ తెలుసు. మూడు వారాలు. స్లాబ్‌కి ఎన్నాళ్ళు కావాలో అన్నాళ్ళే. ఒక్క రోజు ఎక్కువ కాదు, తక్కువ కాదు.

సాయమ్మ తన ముద్రలో ఉన్న కాలు మెల్లగా బయటికి తీసుకుంది.

ఇల్లు పూర్తయింది. ఉమాశ్రీ మంచం సుద్ద గీసిన చోటే ఉంది. మొదటి అంతస్తులో టైల్స్ పరిచారు గానీ, అడుగులున్న ఆ వరస మాత్రం అలాగే వదిలేశారు. పూడ్చమని తేజా అడగలేదు, పూడుస్తానని ఐలయ్యా అనలేదు. ఇక సీతారామయ్య గారు... పాలవాడు గుచ్చి గుచ్చి అడిగినా సరే, నిమ్మకాయల మాట ఎత్తడం మానేశారు.